నష్టంలో పాలెవరికి?

ఇస్లామిక్ బ్యాంకులకు లాభాలు దేనివల్ల వస్తాయి, దేనివల్ల పోతాయి అని తేల్చడానికి ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాల్లో ఏటేటా పరిశోధన పత్రాలు పుడుతూనే ఉంటాయి. కౌలాలంపూర్ నుంచి కరాచీ దాకా, జకార్తా నుంచి అమ్మాన్ దాకా పత్రం పోకడ ఒకటే. ఓ పదేళ్ల బ్యాలెన్స్ షీట్లు తెచ్చుకుంటారు. ఆస్తుల మీద రాబడి ఇంత, మూలధనం మీద రాబడి ఇంత అని ఒక పక్క పెడతారు. రెండో పక్క మూలధన నిష్పత్తి, చేతిలో ఉంచుకున్న నగదు, మొండిబాకీలు, నిర్వహణ ఖర్చు, బ్యాంకు సైజు, దేశం వృద్ధి రేటు, ధరల పెరుగుదల. లెక్క కంప్యూటర్‌కు అప్పగిస్తారు. తేలేదేమంటే మూలధనం గట్టిగా ఉన్న బ్యాంకు నిలబడుతుంది, బాకీలు మొండికేస్తే లాభం పడిపోతుంది, ఖర్చు అదుపులో ఉంటే నాలుగు రాళ్లు మిగులుతాయి. హిందూపురం మార్కెట్లో చింతపండు అమ్మే వ్యాపారికి ఈ మూడూ తెలుసు. ఆయన గ్రాఫు గీయడు, అంతే. ఇక ధరల పెరుగుదల దగ్గరికొస్తే ఒక పత్రం అది లాభాన్ని పెంచుతుందంటుంది, ఇంకొకటి తగ్గిస్తుందంటుంది, మూడోది ‘ప్రభావం స్పష్టంగా లేదు, మరింత పరిశోధన అవసరం’ అని నాలుగో పత్రానికి పునాదిరాయి వేస్తుంది.

నేను చూసినంతలో ఇన్ని కొలమానాల్లో వాన ఎక్కడా లేదు. అది మా అనంతపురం వాళ్లకు కాస్త చిన్నతనంగా ఉంది.

ఎందుకంటే ఈ బ్యాంకుల మూలసూత్రం ఏమిటి? వడ్డీ నిషిద్ధం. డబ్బు పెట్టినవాడు లాభంలో వాటా తీసుకోవచ్చు, నష్టం వస్తే అదీ మోయాలి. ముదారబాలో ఒకరిది డబ్బు, మరొకరిది కష్టం. లాభాన్ని ముందు ఒప్పుకున్న పాళ్లలో పంచుకుంటారు. నష్టమొస్తే డబ్బున్నవాడి డబ్బు పోతుంది, కష్టపడ్డవాడి కష్టం పోతుంది. ముషారకాలో ఇద్దరూ పెట్టుబడి పెడతారు, నష్టం పెట్టుబడి దామాషాలో పడుతుంది. ఇంతకన్నా న్యాయమైన మాట అప్పుల ప్రపంచంలో నేను వినలేదు. ఇది వ్యంగ్యం కాదు, నిజంగానే అంటున్నాను.

మరి ఈ న్యాయం ముందుగా ఎక్కడికి రావాలి? సాలుకు సగటున 550 మిల్లీమీటర్లు పడే చోటికి. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే దులిపేసుకుని, ఈశాన్య మేఘాలు కోస్తాలోనే ఖాళీ అయి, మిగిలిన తడి మాత్రమే చేరే పీఠభూమికి. లక్షల ఎకరాల్లో చెనిక్కాయ వేసి, ఊడ దిగే వేళకు ఆకాశం చూసి, కాయ లేని కట్టెను పశువుకు వేసి, బెంగళూరు రైలెక్కే జిల్లాకు. నష్టం పంచుకోవడమే మీ మతమైతే మా దగ్గర ఆ సరుకు పుష్కలం. గోదాముల నిండా ఉంది.

సరే, ఒక ఇస్లామిక్ బ్యాంకు కదిరిలో శాఖ తెరిచిందనుకుందాం. అనుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు కదా. గాజు తలుపు, ఏసీ, గోడమీద అందమైన అరబ్బీ అక్షరాలు. చెనిక్కాయ రైతు లోపలికొచ్చాడు.

“రండి రండి. మా దగ్గర వడ్డీ అనే మాటే ఉండదు. మనం భాగస్వాములం,” అన్నాడు మేనేజరు.

“మంచిది సార్. పదెకరాల చేనుంది. విత్తనం, ఎరువు, దున్నకం మీరు పెట్టండి. సేద్యం నాది. పండితే సగం సగం.”

“పండకపోతే?”

“పండకుంటే మీ దుడ్డూ పాయె, నా కష్టమూ పాయె. మీ పుస్తకంలో అట్లే రాసుందంట కదా సార్.”

మేనేజరు ఏసీ ఇంకో రెండు పాయింట్లు పెంచాడు. “రాసుంది. రాసుంది గానీ... మీకు బోరు మోటారు ఏమైనా కావాలా?”

ఇక్కడే మురాబహా మొదలవుతుంది. ఇస్లామిక్ బ్యాంకింగ్ ఇంట్లో ముదారబా, ముషారకా గోడకు తగిలించిన తాతముత్తాతల పటాలైతే, సంపాదించి తెచ్చే కొడుకు మురాబహా. చాలా దేశాల్లో ఈ బ్యాంకుల వ్యాపారంలో పెద్ద భాగం దీనిదీ, దీని దాయాదులదే. మీకు మోటారు కావాలి. బ్యాంకు దాన్ని కొంటుంది, తన లాభం కలుపుకుని మీకు అమ్ముతుంది, మీరు కంతుల్లో కడతారు. అప్పు కాదు, అమ్మకం. వడ్డీ కాదు, లాభం. మోటారు కొంతసేపు బ్యాంకు ఆస్తిగా ఉండాలి, ఆ సేపట్లో దాని మంచిచెడ్డలు బ్యాంకువే. ఆ సేపు ఎంత? రెండు సంతకాల మధ్య పెన్ను కదిలేంత. ఆ తర్వాత మోటారు రైతుది, బోరు రైతుది, బోరులో లేని నీళ్లూ రైతువే. ఆరు వందల అడుగుల కింద దుమ్ము లేచినా కంతు మాత్రం తేదీ తప్పకుండా తడిగా ఉంటుంది.

ఆ లాభం రేటు ఎక్కడిదని అడక్కండి. దశాబ్దాల పాటు ఎన్నో ఇస్లామిక్ బ్యాంకులు తమ హలాల్ లాభాన్ని లండన్ వడ్డీ రేటు లైబర్‌ను చూసే నిర్ణయించుకున్నాయి. వడ్డీ హరామే, వడ్డీ రేటును చూడటం మాత్రం హరామ్ కాదట. 2023 జూన్‌తో డాలర్ లైబర్ కాలం తీరిపోతే ఈ బ్యాంకులు కూడా మిగతా బ్యాంకులతో కలిసి కొత్త రేటు వెతుక్కున్నాయి.

నగదే కావాలంటే తవర్రుఖ్ ఉంది. బ్యాంకు మీకు ఏదో లోహం కంతులమీద అమ్ముతుంది. మీరు దాన్ని ఆ క్షణమే బ్యాంకు చేతే బయటివాడికి తక్కువకు అమ్మించుకుంటారు. మీ చేతికి నగదు, మీ నెత్తిన బాకీ. లోహాన్ని మీరు చూడలేదు, బ్యాంకూ చూడలేదు, లోహానికైతే ఇదేదీ తెలియదు. ముందే కుదుర్చుకున్న ఈ తంతు చెల్లదని ఇస్లామిక్ దేశాల సంస్థకు చెందిన ఫిఖ్ (ఇస్లామిక్ న్యాయశాస్త్ర) అకాడమీ 2009లో షార్జాలో తేల్చి చెప్పింది. మలేషియా బ్యాంకులు ఆ తీర్పును గౌరవంగా విని, తంతు కొనసాగించాయి.

మనం నవ్వక్కర్లేదు. మా జిల్లాలో ప్రతి ఏడూ జరిగే ‘రెన్యువల్’ మాత్రం ఏమిటి? పంట రుణం గడువు ముగుస్తుంది. రైతు దగ్గర పైసా లేదు. ఊళ్లో వడ్డీ వ్యాపారి రెండు మూడు రోజులకు డబ్బిస్తాడు. రైతు బ్యాంకులో కడతాడు, పాత బాకీ తీరుతుంది. బ్యాంకు మళ్లీ అంతే ఇస్తుంది, బయట స్కూటరు మీద కూర్చున్న వ్యాపారి తన అసలూ కమిషనూ పట్టుకుపోతాడు. బ్యాంకు రికార్డుల్లో వసూళ్లు భేష్, కొత్త రుణాలు భేష్. రైతు చేతిలో రసీదు. అక్కడి లోహానికి బదులు ఇక్కడ స్కూటరుంది, అంతే తేడా. పండితుల షరియా బోర్డు లేకుండానే మా వాళ్లు తవర్రుఖ్ కనిపెట్టారు, పేటెంటు తీసుకోలేదు.

ఇక లాభం అసలు రహస్యానికొద్దాం. ఏ బ్యాంకుకైనా చవగ్గా దొరికే డిపాజిట్టే పాడి. సౌదీలో అల్ రాజ్హి బ్యాంకుంది. ప్రపంచంలోని అతిపెద్ద ఇస్లామిక్ బ్యాంకు. ఒకప్పుడు డబ్బులు మార్చే కొట్టుగా మొదలైన కుటుంబ వ్యాపారం. దాని బలమేమిటయ్యా అంటే లక్షల మంది భక్తులు తమ డబ్బు అందులో పెట్టి ‘మాకు వడ్డీ వద్దు’ అంటారు. బ్యాంకు ‘మీ భక్తికి మెచ్చాం’ అని ఆ ఉచిత డబ్బును లాభానికి తిప్పుకుంటుంది. లోకంలో వడ్డీ రేట్లు పెరిగినకొద్దీ ఇచ్చేది సున్నా, వచ్చేది ఎక్కువ. డిపాజిటర్ పరలోకానికి దాచుకున్న పుణ్యం వాటాదారుకు ఈ లోకంలోనే డివిడెండుగా ముడుతుంది. ఏ పరిశోధన పత్రంలోనూ ‘భక్తి’ అని ఒక గడి ఉండదు. ‘నిధుల వ్యయం’ అని ఉంటుంది.

అయితే 2022 నుంచి అమెరికా రేట్లు ఎగబాకాక అదే సౌదీలో ఖాతాదారులు రాబడి ఇచ్చే గడువు డిపాజిట్లవైపు కదిలారు, అల్ రాజ్హి మార్జిన్ తగ్గింది. భక్తికీ ఒక రేటుంటుందన్నమాట. దీనికి నిపుణులు పెట్టిన పేరు బరువుగా ఉంటుంది గానీ సంగతి తేలిక. పక్క బ్యాంకు ఎక్కువిస్తుంటే ఖాతాదారు పోతాడు, పోకుండా ఉండాలంటే ఇస్లామిక్ బ్యాంకు కూడా అంతే ఇవ్వాలి. అందుకే మంచి ఏడాదిలో లాభం కొంత పక్కకు తీసి, చెడ్డ ఏడాదిలో కలిపి పంచుతారు. డిపాజిటరుకు ఎప్పుడూ దాదాపు ఒకే రాబడి, అదీ మార్కెట్ వడ్డీకి దగ్గర్లో. లాభనష్టాల్లో వాటా అంటే ఇదే అయితే మా ఊరి పోస్టాఫీసు కూడా ముషారకాయే.

నష్టం నిజంగా పంచిన సందర్భం లేదా? ఎందుకు లేదు. 2001లో టర్కీలో ఇహ్లాస్ ఫినాన్స్ కుప్పకూలింది. లాభనష్టాల ఖాతాలు కాబట్టి డిపాజిట్ బీమా లేదు. చిన్న డిపాజిటర్లు తమ డబ్బు కోసం ఏళ్లపాటు తిరిగారు. పెద్దవాళ్ల సంగతి వేరు. షార్జాకు చెందిన డానా గ్యాస్ 2017లో, తాను 2013లో జారీ చేసిన, అప్పటికి 70 కోట్ల డాలర్లు బాకీ ఉన్న సుకూక్ (ఇస్లామిక్ బాండు) ఇప్పటి షరియా వ్యాఖ్యానాల ప్రకారం చెల్లదనీ, అందుచేత కట్టనక్కర్లేదనీ కోర్టుకెక్కింది. అప్పు తీసుకున్ననాడు లేని మతనిష్ఠ, తీర్చేనాడు పొంగుకొచ్చింది. లండన్ కోర్టు ఒప్పుకోలేదు, చివరికి రాజీ కుదిరింది. మా రైతు ఏనాడూ ఈ వాదన చేయలేదు. ‘మా పంచాంగం ప్రకారం ఈ నెల కట్టడం నిషిద్ధం’ అని గ్రామీణ బ్యాంకు మెట్లెక్కి చూడాల్సింది.

విచిత్రమేమంటే ఈ బ్యాంకుల కథ పల్లెలోనే మొదలైంది. 1963లో ఈజిప్టులోని మిత్ ఘమ్ర్‌లో అహ్మద్ అల్ నజ్జార్ అనే ఆర్థికవేత్త, జర్మనీ పొదుపు బ్యాంకులను చూసొచ్చి, నైలు డెల్టా రైతుల కోసం వడ్డీ లేని పొదుపు బ్యాంకు పెట్టాడు. కొన్నేళ్లకే సర్కారు దాన్ని మింగేసింది. 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు, జెడ్డాలో ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు వచ్చేసరికి చమురు డబ్బు తయారుగా ఉంది. ఆలోచన పొలం గట్టు దిగి లిఫ్టెక్కింది, మళ్లీ కిందికి రాలేదు. అంతకన్నా ముందే మన హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టూ, ముహమ్మద్ హమీదుల్లా, అన్వర్ ఇక్బాల్ ఖురేషీ వంటివాళ్లు వడ్డీ లేని ఆర్థికం గురించి పుస్తకాలూ వ్యాసాలూ రాశారు. ఖురేషీ పుస్తకం 1946 నాటిది. సిద్ధాంతం ఇక్కడ తయారైంది, సరుకు గల్ఫ్‌లో అమ్ముడుపోయింది. మా చెనిక్కాయ కూడా అంతే, నూనె ఇంకోచోట తీస్తారు.

ఇక మన దేశానికొస్తే రిజర్వు బ్యాంకు వైఖరి చూడముచ్చటగా ఉంటుంది. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను పరిశీలించమంది. 2015లో దీపక్ మొహంతీ కమిటీ మామూలు బ్యాంకుల్లోనే ఒక కిటికీ తెరవమంది. చర్చలు జరిగాయి, ఫైలు ఢిల్లీకి పోయింది, వచ్చింది. 2017 నవంబరులో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా తేల్చేశారు. పౌరులందరికీ బ్యాంకింగ్ సేవలు పొందే విస్తృతమైన, సమాన అవకాశాలు ఉన్నాయి గనుక ఈ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోవడం లేదట. విస్తృతం, సమానం! 2006లో సచార్ కమిటీ ఏం రాసిందో ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదేమో. ముస్లింలు ఎక్కువగా ఉండే పేటలను కొన్ని బ్యాంకులు అప్పు ఇవ్వకూడని ప్రాంతాలుగా గీత గీసి పెట్టుకున్నాయని అందులో ఉంది.

చట్టం అడ్డమంటారు. నిజమే. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం బ్యాంకు సరుకులు కొనకూడదు, అమ్మకూడదు. మోటారు కొని రైతుకు అమ్మితే నేరం. అదే చట్టం కింద మన బ్యాంకులు ఒకప్పుడు అక్షయ తృతీయకు బంగారు నాణేలు అమ్మాయి. దానికి ప్రత్యేక అనుమతి ఉంటుంది లెండి. అనుమతి అనేది లక్ష్మీదేవి పేరు చెబితే త్వరగా దొరుకుతుంది.

తలుపు మూస్తే ఏమవుతుంది? కిటికీలోంచి దొంగ వస్తాడు. బెంగళూరులో ఐఎంఏ అనే సంస్థ హలాల్ పెట్టుబడి అని డబ్బు పోగేసి 2019 జూన్‌లో మునిగింది. యజమాని దుబాయ్ పోయి, జూలైలో ఢిల్లీలో దిగి దొరికాడు. హిందూపురం నుంచి బెంగళూరు ఎంత దూరమో మా వాళ్లకు చెప్పక్కర్లేదు. అంతకు ముందే, 2018లో, హైదరాబాద్ పోలీసులు ఇలాంటి హలాల్ పెట్టుబడుల సంస్థే అయిన హీరా గోల్డ్ అధినేత్రి నౌహీరా షేక్‌ను అరెస్టు చేశారు. ఆమె సొంతూరు మా పక్క తిరుపతే. కేసులు కోర్టుల్లో నడిచాయి, దోషమో కాదో తేల్చాల్సింది కోర్టులే. నన్ను ఆకర్షించింది ఒక్క అంకె. దర్యాప్తు సంస్థల ఆరోపణ ప్రకారం మదుపరులకు ఆశ చూపిన రాబడి ఏటా 36 శాతం.

ముప్పై ఆరును పన్నెండుతో భాగించండి. నూటికి నెలకు మూడు రూపాయలు! అచ్చం మా ఊరి రేటు. ధర్మవరంలో మగ్గం తాకట్టు పెట్టినా, తాడిపత్రిలో కూతురి పెళ్లికి ప్రోనోటు రాసినా చెవినపడేది ఆ మూడు రూపాయలే. ఎదుటివాడు అడిగితే అది నెత్తురు తాగే వడ్డీ, మనకు వస్తుందంటే హలాల్ లాభం. నెల నెలా ఒకటో తేదీకి తప్పకుండా పండే పంట ఏదైనా ఉంటే అది చేలో పండేది కాదని, ముప్పై ఏళ్లు చెనిక్కాయ సాగు చేసిన వాళ్లకైనా తట్టాలి కదా! తట్టదు. ఎందుకంటే పక్కన అసలైన తలుపు లేదు, ఉన్నదానికి మతం పేరు ఉంది.

వడ్డీ లేని అప్పంటే మన ప్రభుత్వాలకు భయమనుకోకండి. ఎంతో ప్రేమ. పావలా వడ్డీ, సున్నా వడ్డీ అని పథకాలే తెచ్చాయి. లక్ష లోపు పంట రుణానికి సున్నా వడ్డీ! బ్యాంకు మాత్రం తన ఏడు శాతం తాను తీసుకుంటుంది, కేంద్రం మూడు, రాష్ట్రం నాలుగు కడతాయి. రైతు చేయాల్సిందల్లా ఏడాదిలోపు అసలు తీర్చడం. వానొచ్చి, కాయ నిండి, ధర పలికిన ఏడాది తీరుస్తాడు, అప్పుడు సున్నా. కరువొచ్చిన ఏడాది తీర్చలేడు, అప్పుడు పూర్తి వడ్డీ. గొడుగు ఎండాకాలమంతా మీదే, వాన మొదలవగానే తిరిగివ్వాలి అన్న ఒప్పందం ఇది. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు బెట్టను తట్టుకునే చెనిక్కాయ రకాలను ఒకటి తర్వాత ఒకటి విడుదల చేశారు. బెట్టను తట్టుకునే అప్పును మాత్రం ఇంతవరకూ ఎవరూ విడుదల చేయలేదు.

నష్టంలో పాలు పంచుకునే బ్యాంకులు దేశంలో లేవని కూడా అనకూడదు. ఉన్నాయి, మనిషిని బట్టి. 2016 దివాలా చట్టం కింద పెద్ద కంపెనీ మునిగితే బ్యాంకులన్నీ చుట్టూ కూర్చుని, వచ్చినకాడికి తీసుకుని మిగతాది వదిలేస్తాయి. దాని పేరు హెయిర్‌కట్. పారిశ్రామికవేత్తకు హెయిర్‌కట్, రైతుకు గుండు. ఇంతకన్నా శుద్ధమైన ముషారకా కైరోలో కూడా దొరకదు. లాభాలొచ్చినన్నాళ్లూ ఆయనవి, నష్టం మనందరిదీ.

అనంతపురంలో మతసామరస్యానికి లోటు లేదు. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండక్కి హిందువులూ ముస్లింలూ కలిసే మొక్కుతారు. వడ్డీ వ్యాపారి అరుగు దగ్గర కూడా కలిసే నిలబడతారు. ఆయనా సర్వమత సమానుడే, ఎవరికీ రేటు తగ్గించడు. ఈ గొడవలో ఇస్లామిక్ బ్యాంకు వస్తే దేశం ఏమైపోతుందో అని వణికే పెద్దమనుషులకూ, వస్తే స్వర్గం దిగొస్తుందని ఊరించే పెద్దమనుషులకూ ఒక్కటే మనవి. ఇద్దరూ కంగారుపడాల్సిన పనిలేదు. వచ్చినా అది ముందు జూబ్లీహిల్స్‌లో దిగుతుంది. గుత్తి దాటి, కదిరి దాటి చేనుగట్టుకు రావడం దాని లాభాల లెక్కలో లేదు.

అసలైన ముదారబా మా దగ్గర ఉండనే ఉంది. గొర్రెల మందలో చూడొచ్చు. పెట్టుబడి పెట్టలేనివాడికి ఉన్నవాడు ఆడగొర్రెలను పాలుకిస్తాడు. మేపేది, కాపలా ఒకరిది. పుట్టిన పిల్లల్లో సగం సగం. రోగమొచ్చి గొర్రె చస్తే యజమాని గొర్రె పోయింది, కాపరి కాలికష్టం పోయింది. కంతు లేదు, లైబర్ లేదు, లోహం లేదు. గొర్రెలు ఎవరివైనా కావచ్చు, కాపరి ఏ కులమైనా కావచ్చు, ఏ పండితుడి ఫత్వా అడగలేదు, ఏ కమిటీ సిఫారసూ చేయలేదు. చేనుకూ ఇలాంటి సంగోరు పద్ధతి మాకు పాతదే. కొందరు పండితులు డజన్ల కొద్దీ బ్యాంకుల షరియా బోర్డుల్లో కూర్చుంటారట. ఒక్క పూట ఎవరైనా మా గొర్రెల దొడ్డిలో కూర్చుంటే కొత్త ఒప్పంద పత్రం ముసాయిదా చేతికొస్తుంది.

కాబట్టి బహిరంగ ఆహ్వానం. ఇస్లామిక్ బ్యాంకు, గ్రామీణ బ్యాంకు, ప్రైవేటు బ్యాంకు ఎవరైనా సరే. ఏరువాకకు ముందు విత్తనకాయతో రండి. చేను మాది, చేత మాది. కాయ వస్తే సగం మూటగట్టి మీ హెడ్డాఫీసుకు పంపుతాం. కాయ రాని ఏడు కట్టెలోనైనా సగం పంపుతాం, మాట తప్పం. లారీ బాడుగ మాత్రం మీరే భరించాలి. అది వడ్డీ కాదు సార్, సర్వీసు చార్జీ.